మామయ్య కుడికన్ను

ఆ చిన్నపిల్లల బడిలో ఆయా పదకొండేళ్ళుగా పనిచేస్తోంది. ముక్కులు తుడవడం, బూట్ల లేసులు కట్టడం, నిద్రపోయినవాళ్ళను చాపల మీద సర్దడం, బట్టలు తడుపుకున్నవాళ్ళను మిగతా పిల్లలకు తెలియకుండా తీసుకెళ్ళి మార్చి తీసుకురావడం ఆమె పని. ఎవరి పనో తేలని పని ఏదైనా ఆ బడిలో చివరికి ఆయా చేతికే వస్తుంది. రెండేళ్ళ కిందట తరగతి గది అలమర మీదికి చేప వచ్చినప్పుడూ అంతే అయింది.

అది ముదురు నీలం రంగు ఫైటర్ చేప. గాజు గిన్నెకు ఎవరైనా వేలు ఆనిస్తే మొప్పలు విప్పి, గడ్డం పెంచినవాడిలా ఉబ్బి మీదికి వచ్చేది. క్లాసులో ఒకడికి ఇంట్లో అచ్చం అలాగే ఊరికే ఉబ్బిపోయే మామయ్య ఉన్నాడట. అలా చేపకు మామయ్య అని పేరు పడింది. పిల్లలందరిలోకీ దాని దగ్గర ఎక్కువసేపు నిలబడేది ఒక అయిదేళ్ళ పిల్ల. నోరు తెరిస్తే ఎందుకు, ఎలా అని అడుగుతుంది కాబట్టి టీచర్ ఆమెను ప్రశ్నలపుట్ట అనేది. ఆ పిల్ల వేలు గాజు మీద ఎటు కదిలిస్తే మామయ్య అటు వచ్చేవాడు.

సెలవులకు నాలుగు రోజుల ముందు, నీళ్ళలో తిండి చల్లుతూ ఆయా చేప కుడికన్ను మీద తెల్లటి పొర చూసింది. మరుసటి రోజుకు కన్ను కాస్త బయటికి పొడుచుకొచ్చింది. వెళ్ళి బడి నడిపే పెద్దమేడంతో చెప్పింది.

"చేపకు కళ్ళకలకేంటి ఆయా?" అని నవ్వింది పెద్దమేడం. "సెలవులివ్వనీ, చూద్దాం."

సెలవులిచ్చిన రోజు బడి తాళాలు వేస్తూ, "పదిరోజులు ఇక్కడ ఎవరూ ఉండరు కదా. నువ్వే ఇంటికి తీసుకెళ్ళు. దానికి నీ చెయ్యే అలవాటు," అంది. అలా చూడటం అయిపోయింది.

మూత ఉన్న గాజు సీసాలో చేపను పోసుకుని, గుండెలకు ఆనించుకుని ఆయా గేటు దాటుతుంటే ప్రశ్నలపుట్ట అమ్మ చెయ్యి వదిలించుకుని వచ్చింది.

"మామయ్య కన్ను ఎందుకలా ఉంది?"

"నలక పడిందమ్మా."

"మందు వేస్తావా?"

"వేస్తా."

"ఏడిస్తే?"

"నీళ్ళలో ఏడిస్తే ఎవరికి తెలుస్తుందే," అని ఆయా నవ్వించబోయింది. ఆ పిల్ల నవ్వలేదు. "నాకు తెలుస్తుంది," అంది.

ఆయా, ఆమె అక్క రెండో అంతస్తులో రెండు గదుల ఇంట్లో ఉంటారు. అక్క ఇంట్లోనే మిషను మీద యూనిఫాంలు కుడుతుంది. అక్క మొగుడు పోయాడు, ఆయా మొగుడు వదిలేసి పోయాడు. ఇద్దరిలో ఎవరి అదృష్టం మేలో అప్పుడప్పుడు వాదించుకుంటారు. ఈ సెలవుల్లో మూడో రోజున ఇద్దరూ రైలెక్కి పిన్ని దగ్గరికి వెళ్ళాలి. నాలుగేళ్ళుగా అనుకుంటున్న ప్రయాణం అది. సీసా చూసి అక్క కుట్టు ఆపింది.

"ఇదెవరే?"

"జబ్బు చేసింది. చూపించాలి."

"నాకు మోకాళ్ళు పట్టేసి ఏడాదైంది. నన్నెప్పుడు చూపిస్తావ్?"

మరునాడు పొద్దున ఆయా ఆ సీసాతోనే పెంపుడు చేపల షాపుకు వెళ్ళింది. షాపాయన ముసలాయన, మాట కరుకు. సీసాను వెలుతురుకు పెట్టి అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఏదో కోసుకుంది. తర్వాత చీము పట్టింది. గిన్నెలో ఏమేం పెట్టారమ్మా?"

"రంగు రాళ్ళు. ఒక ప్లాస్టిక్ కోట."

"కోటెందుకు? దీనికి రాజ్యముందా?" అన్నాడాయన. "ఆ కోట అంచులు బ్లేడుల్లా ఉంటాయి. దీని రెక్కలేమో పట్టుగుడ్డ. నీళ్ళెన్నాళ్ళకు మారుస్తారు?"

"శనివారం శనివారం మార్చమన్నారు."

"అంత చిన్న గిన్నెలోనా," అని ఆయన తల పట్టుకున్నాడు.

తర్వాత చెయ్యాల్సినవి చెప్పాడు. విడిగా ఒక తొట్టిలో ఉంచాలి, అందులో ఏ అలంకారమూ ఉండకూడదు. రోజూ నీళ్ళు మార్చాలి. కుళాయి నీళ్ళు తిన్నగా పోయకూడదు, వాటిలో కలిపే క్లోరిన్ విరగడానికి చుక్కల మందు వేసి, చేతికి చల్లగా తగలనంత వెచ్చగా చేసి పొయ్యాలి. వాపు తీయడానికి ఎప్సం ఉప్పు లీటరుకు చిటికెడు, వంటింటి ఉప్పు మాత్రం ముట్టుకోకూడదు. చీముకు పసుపురంగు పొడి మందు, నీళ్ళు మార్చినప్పుడల్లా కలపాలి. వారం రోజులు, ఒక్క రోజు కూడా తప్పకూడదు.

"తగ్గుతుందా?"

"నాలుగు రోజుల ముందు తెచ్చి ఉంటే తగ్గుతుందనేవాణ్ణి. ఇప్పుడు కన్ను సంగతి చెప్పలేను. ప్రాణం దక్కొచ్చు."

ఒక్క రోజు కూడా తప్పకూడదన్న మాటతో పిన్ని ప్రయాణం ఆగిపోయింది. అక్క ఒక్కతే సంచీ సర్దుకుంది. "చచ్చేలోపు ఒకసారి చూడాలని పిన్ని కబురు పెట్టింది. చేపకు బాగోలేదు, రాలేదని చెప్తాను. సంతోషిస్తుంది," అని మెట్లు దిగి వెళ్ళిపోయింది.

ఆయా తొట్టిని అక్క కుట్టుబల్ల మీద, దీపం కింద వెచ్చగా ఉంటుందని పెట్టింది. మూడో రోజుకు కన్ను మిరియపు గింజంత ఉబ్బింది. చేప తొట్టి అడుగున పక్కకు ఒరిగి పడుకుని, గాలికి మాత్రం పైకి వచ్చి మళ్ళీ రాయిలా జారిపోయేది. తిండి ముట్టలేదు. నాలుగో రోజు మధ్యాహ్నం అది ఎంతసేపటికీ పైకి రాకపోతే ఆయా తొట్టి పక్కన గోడకు ఆనుకుని కూర్చుని, "రారా నాయనా, ఒక్కసారి రా. నీ కోసం ఇంట్లో మాట పడ్డాను," అని పైకే అంది. కాసేపటికి అది వచ్చింది, ఒక్క గుక్క గాలి మింగి వెళ్ళింది. ఆయా లేచి ముఖం కడుక్కుంది.

అయిదో రోజు అక్క తిరిగొచ్చింది. ఆ సాయంత్రమే నీళ్ళు మారుస్తుండగా పసుపు మందు నీళ్ళు ఒలికి, కత్తిరించి పెట్టిన తెల్లచొక్కాల గుడ్డ మీద పడ్డాయి. రెండు చొక్కాల ముందు భాగాలు పాడయ్యాయి. ఎంత ఉతికినా మరక వదల్లేదు. అక్క అరవలేదు. ఆ గుడ్డలను మడిచి ఆయా ఒళ్ళో పెట్టింది.

"అది నీ చేపా?"

"కాదు."

"బడి వాళ్ళు ఒక్కసారైనా ఫోన్ చేసి ఎలా ఉందని అడిగారా?"

ఆయా ఒళ్ళోని గుడ్డల మడత సరిచేసింది.

"నువ్వు రోగం కుదిర్చి ఇస్తే వాళ్ళు నీకు దండ వేస్తారనుకుంటున్నావు. పిచ్చిదానా."

ఆరో రోజు వాపు దిగింది. ఏడో రోజు చేప సూదిమొనంత తిండి తిన్నది. ఎనిమిదో రోజు అక్క సూదికి దారం ఎక్కిస్తూ తొట్టి ముందు చెయ్యి ఆడిస్తే, మొప్పలు విప్పి ఉబ్బి ఆమె మీదికి వచ్చింది. "అబ్బో, పౌరుషం తిరిగొచ్చింది," అంది అక్క, నవ్వు ఆపుకోలేక. కుడికన్ను మాత్రం తెల్లగా, లోపలికి పీక్కుపోయి మిగిలింది. ఆ పక్కన ఏం కదిలినా దానికి తెలియదు. తిండి ఎడమవైపు వేస్తే చటుక్కున అందుకునేది.

ఆయా అదే రోజు పెద్దమేడంకు ఫోన్ చేసింది. "మామయ్య గండం గట్టెక్కాడు మేడం. ఒక కన్ను పోయింది గానీ చక్కగా తింటున్నాడు."

"ఓహో, కన్ను పోయిందా," అంది పెద్దమేడం. "సరే ఆయా."

మిగిలిన రెండు రోజులూ ఆయా పిల్లలకు ఏం చెప్పాలో మనసులో వల్లె వేసుకుంది. మామయ్యకు జబ్బు చేసింది, మందు వేశాం, తగ్గింది. ఇకనుంచి అందరూ ఇటువైపే నిలబడి తిండి వెయ్యాలి. ఆ పని ప్రశ్నలపుట్టకు అప్పజెప్పాలనుకుంది.

బడి తెరిచిన రోజు అందరికన్నా ముందే వెళ్ళింది. అలమర మీద గాజు గిన్నె కడిగి తళతళలాడుతోంది. అందులో రంగు రాళ్ళు, కోట. కోట చుట్టూ ముదురు నీలం రంగు చేప ఒకటి తిరుగుతోంది. రెండు కళ్ళూ నల్లగా మెరుస్తున్నాయి. సీసా పట్టుకుని ఆయా అక్కడే నిలబడిపోయింది. పెద్దమేడం వెనకనుంచి వచ్చింది.

"ఎలా ఉంది? పిల్లలు తేడా కనిపెట్టగలరా చెప్పు. నాలుగు షాపులు తిరిగితే దొరికింది."

"మన చేప బతికే ఉంది మేడం. తెచ్చాను."

పెద్దమేడం సీసాలోకి వంగి చూసి ముఖం చిట్లించుకుంది. "ఈ వారమంతా కొత్త పిల్లల తల్లిదండ్రులు బడి చూడ్డానికి వస్తారు. గుడ్డి చేపను చూస్తే ఏమనుకుంటారు? మనం సరిగ్గా చూసుకోలేదనుకోరా?"

చూసుకోలేదు కదా అన్న మాట ఆయా నాలిక చివరి దాకా వచ్చింది. ఏటేటా ఆమె ఉద్యోగం కాగితం మీద సంతకం పెట్టేది పెద్దమేడమే. "కోటైనా తీసెయ్యండి మేడం, అది కోసుకుంటుంది," అని మాత్రం అంది.

"చూద్దాంలే. నీకంత ప్రేమ ఉంటే దీన్ని నువ్వే పెంచుకో."

పిల్లలు వచ్చారు. టీచర్ వాళ్ళను గిన్నె ముందు కూర్చోబెట్టి, మామయ్యకు ఒంట్లో బాగా లేకపోతే ఆయమ్మ మందు వేసి నయం చేసిందని చెప్పింది. అందరూ చప్పట్లు కొట్టారు. ప్రశ్నలపుట్ట లేచి ఆయా కొంగు పట్టుకుంది.

"నిజంగా మామయ్యేనా?"

గుమ్మంలో పెద్దమేడం నిలబడి ఉంది.

"మామయ్యేనమ్మా," అంది ఆయా.

ఆ పిల్ల వెళ్ళి గాజుకు వేలు ఆనించింది. చేప కోట వెనక్కి పోయింది. వేలు అటు జరిపింది, రాలేదు. మరునాడూ రాలేదు. మూడో రోజు ఆయా చాపలు దులుపుతుంటే, ఆ పిల్ల గిన్నెకు ముఖం ఆనించి గుసగుసలాడటం వినిపించింది. "సారీ మామయ్యా. నీకు జ్వరమొస్తే నేను రాలేదు. మా ఇంటి నంబరు నీకు తెలీదు కదా. సారీ." నాలుగో రోజూ అదే. అయిదో రోజు తన డబ్బాలోంచి బిస్కెట్ ముక్క తెచ్చి, "ఇది తిని కోపం పోగొట్టుకో," అంటుంటే ఆయా ఇక ఆగలేకపోయింది. ఆ పిల్లను పక్కకు తీసుకెళ్ళి మోకాళ్ళ మీద కూర్చుంది.

"నీ మీద దానికి కోపం లేదు తల్లీ. అది మామయ్య కాదు. మామయ్య మా ఇంట్లో ఉన్నాడు. ఒక కన్ను కనిపించదు, అంతే. బాగున్నాడు. ఆ రోజు నేను నీకు అబద్ధం చెప్పాను."

పిల్ల కళ్ళు పెద్దవయ్యాయి. ఏమీ అడగలేదు. ఆ పిల్ల ఏమీ అడగకపోవడం ఆయా అప్పుడే మొదటిసారి చూసింది.

పిల్ల ఇంట్లో చెప్పింది. తల్లి పెద్దమేడంకు ఫోన్ చేసింది. మరునాడు పెద్దమేడం ఆయాను పిలిచి, గొంతు పెంచకుండానే మాట్లాడింది. "పసిపిల్లతో కన్ను పోయింది, అదీ ఇదీ అని చెప్తావా? పాపం, ఆ పిల్ల నిద్రపోలేదట. ఇన్నేళ్ళ నుంచి ఉన్నావని ఊరుకుంటున్నాను. ఇకనుంచి నువ్వు పై అంతస్తు చూసుకో. పిల్లల దగ్గరికి వేరే ఆమె వస్తుంది."

పై అంతస్తులో ఆఫీసు గదులు, బాత్రూములు. ఆయా చేతికి కొత్తగా తడిగుడ్డ కర్ర, బకెట్టు వచ్చాయి.

ఇంట్లో అక్కతో, పని మార్చారని మాత్రం చెప్పింది. అక్క ఆమె ముఖం చూసి, ఆ రోజుకు ఏ దెప్పుమాటా అనలేదు. కుట్టుబల్ల మీద చేప దీపం కింద తిరుగుతూనే ఉంది.

వారం తర్వాత ఆయా మెట్లు తుడుస్తుంటే కింద పిల్లలు వరసగా చేతులు కడుక్కోవడానికి వెళ్తున్నారు. కొత్త ఆయమ్మ ముందు నడుస్తోంది. ప్రశ్నలపుట్ట వరస తప్పి నాలుగు మెట్లెక్కి వచ్చింది. ఆయా తడి చెయ్యి చీరకు తుడుచుకుని చాచింది. పిల్ల దగ్గరికి రాలేదు.

"పెద్దమేడం చెప్పింది. మామయ్య ఇక్కడే ఉన్నాడంట. మీ ఇంట్లో ఉన్నది వేరే చేపంట. నువ్వే అబద్ధం చెప్పావంట."

కింద నుంచి కొత్త ఆయమ్మ పిలుస్తోంది.

"నువ్వే అన్నావు కదా, అబద్ధం చెప్పానని," అంది పిల్ల. "అబద్ధాలు చెప్పకూడదు ఆయమ్మా."

"సరేనమ్మా," అంది ఆయా. "చెప్పనులే. జారుతుంది, మెల్లగా దిగు."