సరదాకి అన్న మాట

తండ్రి దినకర్మలు ముగించుకుని వరంగల్ నుంచి వచ్చిన మర్నాడే ప్రవల్లిక నోయిడాలోని సాఫ్ట్‌వేర్ ఆఫీసుకు వెళ్లింది. మీటింగ్‌లో అందరి ముందూ మేనేజర్ భాటియా నవ్వుతూ అడిగాడు.

"వచ్చే రిలీజ్ టైమ్‌కి మీ ఇంట్లో ఇంకెవరైనా పోతారా? ముందే చెప్తే ప్లాన్ చేసుకుంటాను."

కొందరు నవ్వారు. కొందరు ల్యాప్‌టాప్‌లలోకి తలలు దూర్చారు.

భాటియా తన హిందీని వెక్కిరించినా, తన పనిని అందరికీ చూపించి ఎగతాళి చేసినా ప్రవల్లిక ఇన్నాళ్లూ దిగమింగుకుంది. ఈ మాట మాత్రం గొంతు దిగలేదు. జరిగిందంతా హెచ్ఆర్‌లో ఉండే ఇషితకు రాసి పంపింది.

ఇషిత ఇద్దరినీ ఒకే గదిలో కూర్చోబెట్టి కాఫీ తెప్పించింది.

"సర్ సరదాకి అన్నారు. మీరు బాధలో ఉండి వేరేగా తీసుకున్నారు. చేతులు కలిపేయండి, ఠీక్ హై?"

భాటియా చెయ్యి చాచాడు. ఆ చెయ్యి అందుకున్నందుకు, మెట్రోలో తానుండే మయూర్ విహార్ చేరేదాకా ప్రవల్లిక తనను తానే తిట్టుకుంది.

ఆ తర్వాత ఆమెను మీటింగులకు పిలవడం మానేశారు. పని ఇచ్చేవారు కాదు, పని చెయ్యడం లేదని మెయిళ్లు మాత్రం వచ్చేవి. డైరెక్టర్‌కి ఫిర్యాదు చేస్తే, అది తిరిగి భాటియా చేతికే వచ్చింది. క్యాంటీన్‌లో రోజూ ఆమెతో కలిసి తినే గుంటూరాయన విష్ణువర్ధన్ కూడా వేరే టేబుల్‌కి మారిపోయాడు.

లిఫ్ట్ దగ్గర ఆమె అతన్ని ఆపింది.

"అన్నా, ఆ రోజు మీరు ఆడనే ఉన్నరు గద. విన్నది విన్నట్టు చెప్పుండ్రి, చాలు."

"విన్నానమ్మా, కాదనను. నన్ను మాత్రం ఇందులోకి లాగొద్దు. పిల్లల చదువులు మధ్యలో ఉన్నాయి."

చివరికి విచారణ అంటూ ఒకటి జరిపారు. విష్ణువర్ధన్‌ను పిలిచి అడిగితే, "సర్ సరదాకే అన్నారు" అన్నాడు. ఆమె వైపు చూడకుండానే లేచి వెళ్లిపోయాడు.

ప్రవల్లిక రాజీనామా చేసింది. కారణం దగ్గర, తండ్రి పోయి వచ్చిన తనను భాటియా అన్న మాటను ఉన్నదున్నట్టు రాసింది.

"సొంత కారణాలని మార్చండి. లేకపోతే రిలీవింగ్ లెటర్ ఆలస్యమవుతుంది" అంది ఇషిత.

"నేను రాసింది అబద్ధమా?"

"అలా అనడం లేదు."

"అయితే మార్చను."

లెటర్ రాలేదు. అది లేదని గురుగ్రామ్‌లో రావలసిన ఉద్యోగం చేజారింది. లక్ష్మీ నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్‌లో పాఠాలు చెప్పడానికి కుదురుకుంది.

ఒక మధ్యాహ్నం విష్ణువర్ధన్ ఫోన్ చేశాడు.

"ఇప్పుడు భాటియా నా మీద పడ్డాడమ్మా. మీటింగ్ అయ్యేదాకా గోడ పక్కన నిలబెట్టాడు. నీకు చెప్పుకునే మొహం కూడా లేదు నాకు."

అతను ఏడుస్తున్నాడు. ప్రవల్లికకు జాలి కంటే ముందు కోపమే వచ్చింది.

"ఆ రోజు ఒక్క మాట అనకపోతిరి గదన్నా."

"అనలేకపోయాను."

ప్రవల్లిక క్లాసు గదిలోంచి బయటికి వచ్చి నిలబడింది.

"నేనున్నప్పుడు ఆయన మిమ్మల్ని అన్నయన్నీ నాకు యాదికున్నయి. లాయర్ దగ్గరికి పోదాం. నేను సాక్ష్యం చెప్త. నా పేరు పెట్టుండ్రి."

"ఆలోచించుకుని సాయంత్రం ఫోన్ చేస్తానమ్మా" అన్నాడు.

చెయ్యలేదు. మర్నాడు ఆమే చేసింది. ఫోన్ మోగి మోగి ఆగిపోయింది.