కలశానికి కట్టిన దొరసాని

శ్రావణ శుక్రవారం మధ్యాహ్నం సెక్టర్ 6లో గురునాథరావు క్వార్టరుకు పేరంటానికి వెళ్లిన అప్పలనర్సమ్మ, కలశానికి దణ్ణం పెట్టబోయి ఆగిపోయింది. కొబ్బరికాయ కింద కట్టిన వెండి రూపు లక్ష్మీదేవి కాదు. పక్కకు చూస్తున్న దొరసాని.

ఆ ముఖం తనెరుగును. తన పెనిమిటి గోపాలం ఉక్కు ప్లాంటు గోడల మీద జాగ్రత్త బొమ్మలు వేసే పెయింటరు. రెండేళ్ల కిందట, కొలిమి ముందు నిలబడ్డ మనిషిని అతను వేస్తే, పని మీద వచ్చిన ఇటలీ ఇంజనీరు అరగంట చూసి, ఈ నాణెం చేతిలో పెట్టి వెళ్లాడు. ఒకవైపు లియొనార్డో అనే పాతకాలపు చిత్రకారుడు, రెండోవైపు ఆయన వేసిన దొరసాని. ఫోర్‌మన్ గురునాథరావు పెద్దసారుకు చూపిస్తానని పట్టుకెళ్లి, కొలిమిలోంచి పారే స్లాగు మడ్డిలో పడిపోయిందన్నాడు. ఆనాటి నుంచి గోపాలం ఇంట్లో కుంచె ముట్టలేదు.

"రూపు బాగుంది వొదినా. ఎక్కడిదేటి?"

"మీ అన్నయ్య దుర్గ్‌లో చేయించారు," అంది ఆ ఇంటి ఇల్లాలు కనకలత మురిసిపోతూ. "వెనకాల గడ్డపాయన భృగుమహర్షి. అమ్మవారి తండ్రి."

"మహర్షి కాదు, ఇటలీలో బొమ్మలేసీవోడు. సచ్చి అయిదొందలేళ్లవతంది. మొగుడు సల్లగుండాలని సచ్చినోడికి పసుపూ కుంకం ఎడతన్నావు. అదీ మా ఇంట్లో ఎత్తుకొచ్చిన సొమ్ము."

ఎనిమిదిమంది ఆడవాళ్లూ నోటి దగ్గర శనగలు ఆపేశారు. కనకలత నాణెం విప్పి, వాయనం పళ్లెంలో పెట్టి చాచింది. అప్పలనర్సమ్మ కొంగు పట్టలేదు.

"నువ్వు తియ్యనేదు. తీసినాయన్నే ఇమ్మను. డూటీ దిగి రానీ." చాప మీద మఠం వేసుకుని కూర్చుంది.

రెండున్నరకు స్కూటరు ఆగింది. కనకలత పళ్లెం మొగుడి చేతిలో పెట్టింది. నాణెం చూడగానే గురునాథరావు మెడ వంగిపోయింది.

"మొన్ననే దొరికిందమ్మా, ఇద్దామనే..."

"మొన్న దొరికింది రెండేళ్లు కలశానికెలా ఉంది?" అంది కనకలత. "వాయనం ఇవ్వండి."

ఆడవాళ్లు కొంగు కప్పి ఇచ్చేదాన్ని అతను చెమట తువ్వాలు కప్పి ఇవ్వాల్సొచ్చింది. గుమ్మంలోకి తొంగిచూసిన పక్క క్వార్టరు దీదీకి, దొంగసొమ్ము తిరిగిస్తున్నాడని పేరంటాళ్లలో ఒకామె చిన్నమ్మలు హిందీలో విడమరిచి చెప్పింది.

"ఇస్తినమ్మ వాయనం," అన్నాడు గొణుగుతూ. మూడుసార్లు అన్నాడు.

పుచ్చుకుంటినమ్మ అనాల్సిన అప్పలనర్సమ్మ తీరిగ్గా కొంగు సర్దుకుంది. పళ్లెం ఇంకా అతని చేతుల్లోనే ఉంది.

"ఇనబడనేదు అన్నయ్యా. మొదట్నుంచీ సెప్పండి."