గ్లెనిస్ చేతి గుర్తు

బారాంగీ కొండల్లో తెల్లారగానే అందరికన్నా ముందు అడవిలోకి వెళ్ళేది గ్లెనిస్. చెట్లు కూల్చే ముఠా కన్నా ఒక రోజు ముందు నడుస్తూ, ఒక్కో చెట్టు మీద అరచెయ్యి ఆనించేది. తొర్రలో ఏ ప్రాణైనా కాపురముంటే ఆ చెట్టు చుట్టూ నారింజ రంగు పట్టీ దానంతటదే తేలేది. గుర్తు పడ్డ చెట్టుకి రెండు చెట్ల పొడవు దూరంలో రంపం ఆడకూడదు, అది రూలు. అటవీ శాఖవాళ్ళు పంపిన రంగు డబ్బాలు మూతైనా తియ్యకుండా షెడ్డులో పడున్నాయి.

గుర్తులు తక్కువైతే కోత ఆపాలని అడవి గేటు దగ్గర బోర్డులు పట్టుకున్న కుర్రకారు తిట్టేవాళ్ళు. ఎక్కువైతే మేస్త్రీ రోడ్నీ సణిగేవాడు. ఆమె ఇద్దరికీ టీ పోసి ఊరుకునేది.

ఆ ఏడాది ప్రభుత్వం ఉన్నట్టుండి మాట మార్చింది. సహజ అడవిలో కోత ఆగేది ఆరేళ్ళ తరవాత కాదు, ఈ డిసెంబరుతోనే ఆఖరు. ఊరి హాల్లో మీటింగు పెట్టారు. ఆమధ్య కార్చిచ్చులో కాలగా మిగిలిందే ఇంత, దాన్నైనా ఉండనివ్వండని కొందరు. కలప మిల్లు మూస్తే వెనకే బడీ మూస్తారని కొందరు. ఒకే బెంచీ మీద చదువుకున్నవాళ్ళు ఎడమొహం పెడమొహమయ్యారు. పట్నం నుంచి వచ్చిన అధికారిణి అందరికీ కొత్త పని నేర్పిస్తామంది. అప్పుడు గ్లెనిస్ మొగుడు నెవిల్ లేచాడు. ముప్ఫై ఒక్క ఏళ్ళుగా చెట్లు కూలుస్తున్న మనిషి.

"యాభై ఏడేళ్ళవాడికి కాఫీ కలపడం నేర్పుతారా తల్లీ? ఈ చేతులతో పట్టుకుంటే పిడి చేతిలో ఉంటుంది, కప్పు నేలమీదుంటుంది."

హాలంతా నవ్వింది. నెవిల్ నవ్వలేదు.

గ్లెనిస్‌కి అప్పట్నుంచి కంటిమీద కునుకు లేదు. మొగుడు తన గొడ్డలి పక్కింటాయనకి ఇచ్చేశాడు. కుక్కని తమ్ముడికి అప్పగించాడు. అంతకన్నా ఆమెని భయపెట్టింది అడవిలో కంటబడిన సంగతి. చెట్టు కూల్చే ప్రతివాడూ ముందుగా వెనకవైపు తుప్పలు కొట్టి, చెట్టు ఒరగగానే తప్పుకోడానికి దారి చేసుకుంటాడు. పది రోజులుగా నెవిల్ కూల్చిన ఏ మొద్దు వెనకా ఆ దారి లేదు. తుప్పల్లో ఆకైనా నలగలేదు. మరిచిపోయాడనుకుందామంటే ముప్ఫై ఒక్క ఏళ్ళ అలవాటు. ఈ మాట ఎవరితో అనాలి, ఏమని అనాలి?

కోతకి ఆఖరి రోజు, శుక్రవారం, పొద్దున్నే ఈదురుగాలి. గ్లెనిస్ వెళ్ళొద్దంది.

"ఒక్కటే మిగిలింది గ్లెన్. పై గట్టు మీది పెద్దది. అది నేనే కూలుస్తా," అన్నాడు, ఆమె కళ్ళలోకి చూడకుండా.

ఆమె గుమ్మంలో అతని వీపు మీద రెండు చేతులూ ఆనించి నిలబడిపోయింది. అతను మెల్లిగా విడిపించుకుని బండెక్కాడు.

గట్టు మీద అతన్ని చూడగానే రోడ్నీ రంపాలు ఆపించాడు. నెవిల్ కోటు మీద, ఛాతీ చుట్టూ నారింజ పట్టీ. కోటు విప్పితే చొక్కా మీద, చొక్కా విప్పితే ఒంటి మీద.

"రూలు రూలే నెవ్. నువ్వున్న చోట రంపం ఆడదు. ఇంటికి పో," అన్నాడు రోడ్నీ.

నెవిల్ బతిమాలాడు, బూతులు తిట్టాడు. ఎవరూ రంపం ముట్టుకోలేదు. అతను కొండ దిగాక, వెనక దారి శుభ్రంగా కొట్టుకుని పెద్దదాన్ని రోడ్నీయే కూల్చాడు.

పది గంటలకల్లా నెవిల్ వంటింట్లో ఉన్నాడు, చొక్కా గుండీలు లాగి ఛాతీ మీది పట్టీ చూపిస్తూ.

"చెట్టుకైతే లోపల ఏ గుడ్లగూబో ఉంటుంది. నాలో ఏముందని గుర్తేశావు?"

"నేనున్నాను," అంది గ్లెనిస్. "ముప్ఫై ఏళ్ళుగా అక్కడే ఉన్నాను. ఇప్పుడు నన్నెక్కడికి పొమ్మంటావు?"

నెవిల్ బల్ల మీద తల పెట్టుకుని ఏడ్చాడు. సాయంత్రం ఐదింటికి అడవి గేటుకి తాళం పడేదాకా ఆమె అతని చెయ్యి వదల్లేదు.