కొండ మీది చూపు

కవళ్ళ గుంపును పడవలో కూర్చుని వెతకడం అయ్యే పని కాదు. అరచేతంత చేప. వీపు నీలం, పొట్ట వెండి. పైన ఎగిరే పక్షికీ, కింద తిరిగే పెద్ద చేపకీ చిక్కకుండా పుట్టుకతో వచ్చిన ఏర్పాటు అది. కొండ మీంచి చూస్తేనే తీరం వెంట నీళ్ళు నల్లబడ్డట్టు తెలుస్తుంది. అందుకే అక్కడ ఒక మనిషి ఎర్రజెండా పట్టుకుని కూర్చుంటాడు. జెండా ఎటు వాలితే పడవలు అటు పోతాయి.

ఆ మనిషిని అందరూ డేగకన్ను అనేవారు. డేగకన్నట! ఆయన కళ్ళకు పొర కమ్మి ఏళ్ళయింది. అన్నం తెచ్చే నెపంతో భార్య పొద్దున్నే కొండెక్కి, పక్కన కూర్చుని చూసి చెప్పేది.

"అది గుంపు కాదయ్యా, నాచు. నాచైతే ఉన్నచోటే ఉంటుంది. ఆగు... అదిగో, తిరిగింది, తళుక్కుమంది! తెల్లబండకి ఎడం పక్క. ఊపు."

ఈయన ఊపేవాడు. పేరు ఈయనకొచ్చేది. పైన పటారం, లోన లొటారం. "మనవాళ్ళకి చెప్పేద్దామే" అని అప్పుడప్పుడూ అనేవాడు, మళ్ళీ తనే రేపంటూ వాయిదా వేసేవాడు. పొగడ్త ఎవరికి చేదు?

చలికాలం చివర్లో ఆమె జ్వరంతో పోయింది.

నీళ్ళు పచ్చబడ్డాయని ఒడ్డున కబురు పుట్టింది. పచ్చబడ్డాయంటే మేత పెరిగినట్టే, మేత వెనకే కవళ్ళొస్తాయి. ఆయన తడుముకుంటూ ఒక్కడే కొండెక్కాడు. కింద పడవలో తమ్ముడూ, తమ్ముడి కొడుకులూ వల సర్దుకుని ఎదురుచూస్తున్నారు. తెల్లబండ చుట్టూ నీటి అడుగున అన్నీ రాళ్ళే. తప్పు చూపిస్తే వల చిరగడం అటుంచి, పడవే పగులుతుంది.

పక్షులు అరుస్తున్నాయి. గుంపు వచ్చిన మాట నిజమే. ఎడమా, కుడా? జెండా ఎత్తాడు. కింద ఇంజను మోగింది.

"ఎటే? చెప్పవేం?" అని అలవాటుగా పక్కకి తిరిగి అడిగాడు.

జెండా దించేసి, పడుతూ లేస్తూ ఒడ్డుకి వచ్చాడు.

"ఏంటన్నా, ఎత్తి దించేశావు?" తమ్ముడు నీళ్ళలోంచి పరుగున వచ్చాడు.

"నాకు కనబడదురా. ఏళ్ళయింది."

తమ్ముడు నవ్వబోయి ఆగాడు. "మరి పోయినేడు పడవ మునిగేటంత చేప చూపించావు కదా?"

"చూసింది మీ వదిన. నేను జెండా ఊపానంతే."

తమ్ముడు తలగుడ్డ తీసి కళ్ళు తుడుచుకున్నాడు. ఆయనకు సిగ్గుతో ప్రాణం చచ్చిపోయింది. నలుగురి ముందు ఆమె గొప్ప చెప్పడం అదే మొదటిసారి. వినడానికి ఆమె లేదు.