బొమ్మ రాని ఉత్తరం

ఆ గురువారం పొద్దున మబ్బు ఫిల్మ్ నగర్ రాళ్ల మీదికి బాగా వంగి ఉంది గాని చినుకు రాలలేదు. తూర్పున ఒకచోట చిరిగినట్టయి, అందులోంచి కొంచెం వెలుతురు దిగుతోంది. బస్సు దిగి ఎత్తు ఎక్కుతూ దాన్ని చూశాను. ఆఫీసుకు వెళ్లగానే అదే రాశాను. మబ్బు కిందికి దిగింది, వాన మాత్రం రాలేదు, ఒక మూల చిరిగి వెలుతురు పడుతోంది అని. దాని కింద ఆ వారం వచ్చిన చీరల గురించి నాలుగు వాక్యాలు. చివర, ‘మీ రాజ్యలక్ష్మి’.

నా పేరు ఓదెలు. మాది పెద్దపల్లి వైపు ఒక పల్లె. ఊరి బళ్లో ఏడో తరగతి దాకా చదివాను. ఆన్‌లైన్‌లో చీరలు అమ్మే ఈ కంపెనీలో నా అసలు పని ప్యాకింగ్. చీరలు ఇస్త్రీ చేసి, మడతపెట్టి, డబ్బాల్లో సర్దుతాను. రెండేళ్ల కిందట ముసురు పట్టినప్పుడు ఒక పార్శిల్ ఆపి, పంపేటప్పుడు బిల్లు వెనక రెండు ముక్కలు రాసి పెట్టాను. మూడు రోజులుగా ముసురు, చీరకు చెమ్మ తగలకూడదని ఆపాను, ఈ రోజు ఎండ వచ్చింది అని. చీర కొన్నామె ఆ కాగితాన్ని ఫొటో తీసి అందరూ చూసేలా పెట్టింది. మా మార్కెటింగ్ చూసే ప్రణవి మేడం అది చదివి, ఇక నుంచి తెలుగు మెయిల్స్ నన్నే రాయమంది.

రాజ్యలక్ష్మి అనే మనిషి లేదు. కంపెనీకి ఒక పెద్దావిడ ముఖం ఉండాలని నేను రాయడానికి ముందే అనుకున్నారట. ఎవరో జూనియర్ ఆర్టిస్టును పిలిపించి, నేత చీర కట్టించి, ముక్కుపుడక పెట్టి ఒక పూట ఫొటోలు తీశారు. ఆ బొమ్మ ప్రతి మెయిల్ పైన ఉంటుంది. ప్యాకింగ్ గది గోడ మీద నిలువెత్తున ఉంటుంది. ముఖం ఆమెది, మాట నాది. ఆమె పేరేమిటో కూడా నాకు తెలియదు.

ఆ గది ఒకప్పుడు డబ్బింగ్ గది. గోడలకు అప్పటి మెత్తటి గుడ్డ ఇంకా ఉంది. బయట షూటింగ్ వ్యాన్లు ఎన్ని తిరిగినా లోపలికి వినిపించవు. నా దగ్గు నాకే చాలా దగ్గరగా వినిపిస్తుంది. సాయంత్రం బోరబండలో నా గదికి వెళ్లినా అంతే. భార్య పోయినప్పటి నుంచి ఒక పూట వండి రెండు పూటలా తింటాను.

మా మెయిల్ పదకొండు వేల మందికి వెళుతుంది. జవాబు రాసేవాళ్లు పార్శిల్ రాలేదనో, రంగు తేడాగా ఉందనో రాస్తారు. ఊరికే రాసేది ఒక్కరే, రహమత్ నగర్‌లో ఉండే అంతోనమ్మ. మూడేళ్ల కిందట ఈస్టర్ కోసమని ఒక తెల్ల చీర తెప్పించుకుంది. తర్వాత ఏమీ కొనలేదు. కానీ నేను రాయడం మొదలుపెట్టాక ప్రతి గురువారం సాయంత్రంలోగా ఆమె జవాబు వచ్చేది. ఇక్కడ కూడా మబ్బేనండి, బట్టలు ఆరలేదు అని. మోకాళ్లు పట్టేశాయండి, చర్చి మెట్లెక్కలేక కిందే నిలబడి ప్రార్థన చేసుకున్నాను అని. ఒకసారి, ‘మీరు ఉన్నది ఉన్నట్టు రాస్తారు, అందుకే చదువుతాను’ అని రాసింది. ఆ రోజు నేను రాజ్యలక్ష్మి బొమ్మ వైపు చూడలేకపోయాను.

ఆమెకు నేనెప్పుడూ తిరిగి రాయలేదు. ఆడమనిషి పేరుతో పదకొండు వేల మందికి కలిపి రాయడం ఉద్యోగం. ఆ పేరుతో ఒక్క మనిషికి రాయడం నాకు చేతకాలేదు. కానీ గురువారం పొద్దున తల పైకెత్తినప్పుడు, ఈ రోజు ఆమెకు ఏం చెప్పాలా అనే చూసేవాణ్ని.

ఆ మధ్యాహ్నం ప్రణవి నన్ను పిలిచి ఒక జాబితా చూపించింది. ఆరు నెలలుగా మన మెయిల్ తెరవని వాళ్ల పేర్లు తీసేయబోతున్నామని చెప్పింది. తెరవని వాళ్లకు పంపుతూ పోతే, చదివేవాళ్లకు వెళ్లే ఉత్తరాలు కూడా చెత్తలో పడతాయట. తీసేసే ముందు వాళ్లకు ఆఖరి మెయిల్ ఒకటి పంపాలి, దానికి మాటలు రాయమంది. నాలుగు వందల పన్నెండు పేర్లు. అంతోనమ్మ పేరు మొదటి పేజీలోనే ఉంది. తెరిచినవి ఎన్ని అన్న చోట సున్నా ఉంది.

“ఈమె చదువుతది మేడం. వారం వారం జవాబు రాస్తది” అన్నాను.

ప్రణవి మళ్లీ చూసింది. “ఓపెన్స్ జీరో ఉన్నాయి అంకుల్. క్లిక్స్ కూడా జీరో. మూడేళ్లలో ఒక్క చీర కొన్నారు.” తర్వాత మెత్తగానే చెప్పింది. “ఆఖరి మెయిల్‌లో బటన్ ఉంటుంది కదా. నిజంగా చదివేవాళ్లయితే నొక్కుతారు. నొక్కితే ఉంటారు.”

అది న్యాయంగానే తోచింది. నేనింకేమీ అనలేదు. అని ఉండాల్సింది.

తర్వాతి గురువారం ఆ ఆఖరి మెయిల్ వెళ్లింది. దాన్ని మొత్తం ఒకే బొమ్మగా చేశారు. రాజ్యలక్ష్మి చేతులు జోడించి ఉంటుంది. పక్కన నా మాటలు, కింద ఎర్రటి బటన్ మీద ‘ఉంటాను’ అని. బొమ్మ మూడు రోజుల ముందే తయారైంది కాబట్టి అందులో ఆకాశం సంగతి లేదు.

సాయంత్రం అంతోనమ్మ జవాబు వచ్చింది. ‘రాజ్యలక్ష్మి గారూ, ఈ వారం మీ ఉత్తరం ఖాళీగా వచ్చిందండి. తెల్లగా ఉంది, మధ్యలో చిన్న గడి ఒకటి ఉంది. ఒంట్లో బాగోలేదా? జ్వరాలు తిరుగుతున్నాయి. జాగ్రత్త.’

నాలుగుసార్లు చదివాను. అర్థం కాలేదు. బస్సులో వెళుతూ నా ఫోన్లో ఆ మెయిల్ తెరిచాను. యూసుఫ్‌గూడ దగ్గర సిగ్నల్ సరిగా అందదు. తెల్లటి పేజీ, మధ్యలో ఖాళీ గడి. బస్సు కదిలాక గడిలోకి రాజ్యలక్ష్మి వచ్చింది. అప్పుడు తెలిసింది. అంతోనమ్మ ఫోన్లో బొమ్మలు రావు.

ప్రణవి కొత్త చీరల ఫొటోల కోసం మంగళగిరి వెళ్లింది. బస్సు దిగి ఫోన్ చేశాను. ప్రతి మెయిల్లో కంటికి కనపడనంత చిన్న బొమ్మ ఒకటి ఉంటుందని, అది ఫోన్లోకి దిగితేనే తెరిచినట్టు లెక్కని ఆమె చెప్పింది. అంటే ఇన్నాళ్లూ ఆమె చదివిందంతా సున్నా కింద పోయింది. పేరు ఆ పూటే దానంతటదే పోతుందని, ఆమే మళ్లీ చేరితే తప్ప మనంతట మనం చేర్చకూడదని కూడా చెప్పింది. “ఆమెకు రిప్లై ఇచ్చి చెప్పండి అంకుల్” అంది.

మర్నాడు జవాబు రాయడానికి కూర్చున్నాను. ‘నాకు బాగానే ఉంది’ అని కొట్టాను. ఆ ‘నాకు’ ఎవరో తేలలేదు. చెరిపేశాను. మళ్లీ కొట్టి మళ్లీ చెరిపేశాను. ఆ వారం నాలుగు రోజులు అదే పని.

రెండు గురువారాలు గడిచాయి. ఆకాశం గురించి రాశాను, పదివేల చిల్లర మందికి వెళ్లింది, రహమత్ నగర్‌కు వెళ్లలేదు. సాయంత్రం దాకా మెయిల్ పెట్టె తెరుస్తూ మూస్తూ ఉన్నాను. పార్శిళ్ల గొడవలు వచ్చాయి.

మూడో గురువారం మధ్యాహ్నం అందరూ భోజనానికి బయటికి వెళ్లారు. నేను ఒక కంచిపట్టు చీరకు ఇస్త్రీ చేస్తున్నాను. తలుపు తెరుచుకుంది, ఒక్కో మెట్టుకూ ఆగి ఎక్కివచ్చిన ఆయాసం వినిపించింది. గుమ్మంలో తెల్ల చీర కట్టుకున్న ఒకావిడ, చేతిలో స్టీలు క్యారియర్. చీర చూడగానే ఎవరో తెలిసింది. దాన్ని మడతపెట్టింది నేనే.

“రాజ్యలక్ష్మి గారుంటారా అండీ? చీర డబ్బా మీది అడ్రసు చూసి వచ్చాను. జ్వరమని...” అంటూనే గోడ మీది బొమ్మ చూసి ఆగిపోయింది. దగ్గరికి వెళ్లి, తల ఎత్తి చూసింది. “ఈవిడ శకుంతలమ్మ కదండీ? జూనియర్ ఆర్టిస్టు. ముప్పై ఏళ్లు కాస్ట్యూమ్స్‌లో ఇస్త్రీ పని చేశాను నేను. జడ్జిగారి కోటు దగ్గర్నుంచి పెళ్లికూతురి తల్లి పట్టుచీర దాకా ఈవిడకు నేనే ఇస్త్రీ. ఈవిడేనా రాజ్యలక్ష్మి?”

నేను చీర మీంచి ఇస్త్రీ పెట్టె పైకెత్తాను.

“ఆవిడకి సంతకం కూడా రాదండి. మరి రాసేదెవరు?”

ఇస్త్రీ పెట్టె నా చేతిలోనే ఉంది. రాసేటామె ఊరికి పోయింది, వచ్చే నెల వస్తది అంటే చాలు. క్యారియర్ ఇచ్చి వెళ్లిపోయేది. ఎవరికీ ఏమీ తెలిసేది కాదు. పెట్టెను నిలబెట్టి స్విచ్ ఆపేశాను.

“నేనేనమ్మా. రాజ్యలక్ష్మి అని ఎవ్వరు లేరు. రాసేది నేనే.”

ఆమె స్టూలు మీద కూర్చుంది. నన్ను చూసింది, బొమ్మను చూసింది. మోకాలు రాసుకుంది.

“ఆడమనిషనుకుని మోకాళ్ల నొప్పులు, నడుం నొప్పులు అన్నీ రాశానే మీకు.”

“చదివిన.”

“ఒక్కదానికీ పలకలేదు.”

“ఏ పేరుతోటి పలకాలె?”

ఉత్తరాలు ఎందుకు ఆగాయో నాకు వచ్చినట్టు చెప్పాను. కనపడని బొమ్మ సంగతి, సున్నాల సంగతి, ఖాళీ గడిలో ఉన్న బటన్ సంగతి. డేటా అయిపోతుందని పక్కింటి ఏసుకుమార్ తన ఫోన్లో బొమ్మలు రాకుండా చేశాడని ఆమె చెప్పింది. కాసేపటికి, “అయితే చదివినా చదవనట్టేనా?” అంది.

“మిషన్‌కు గట్లనే తెలుస్తది.”

“మీకు తెలుసు కదండీ.”

నేను ఇస్త్రీ పెట్టె వైరు చుట్టాను.

“పోనీ ఆ ఆకాశం సంగతైనా నిజమేనా? అదీ ఎవరికో చీర కట్టించి ఫొటో తీయించిందేనా?”

“అది నిజమే.”

“ఇవాళ పొద్దున ఎలా ఉంది?”

నోటితో ఎప్పుడూ చెప్పలేదు. చెప్పడానికి కాస్త సేపు పట్టింది. “ఎండ కాయలే, మబ్బు పట్టలే. రాళ్ల మీద నీళ్లపాల తీరు తెల్లగ ఉండె. కొంగలు మూడు ఎర్రగడ్డ దిక్కు పోయినయి. ఒకటి ఎన్కబడ్డది.”

ఆమె కళ్లు మూసుకుని వింది. తర్వాత ఫోన్ తీసి నా ముందుకు జరిపింది. బొమ్మలు వచ్చేటట్టు మార్చి, మా మెయిల్స్‌కు మళ్లీ చేరే పేజీ తెరిచాను. పేరు మాత్రం మీరే కొట్టాలె అన్నాను. ఒక్కో అక్షరం వెతుక్కుంటూ కొట్టింది. బటన్ నొక్కే ముందు వేలు కొంగుకు తుడుచుకుంది.

“జ్వరం మనిషికని వండుకొచ్చానండి. చప్పగా ఉంటుంది” అంటూ క్యారియర్ విప్పింది. మెత్తగా ఉడికిన అన్నం, మిరియాల చారు, కాల్చిన అప్పడాలు రెండు. ప్యాకింగ్ బల్ల మీద చీరలు పక్కకు జరిపి పాత పేపరు పరిచాను. నా డబ్బాలో పొద్దుటి అన్నం, టమాట పచ్చడి ఉన్నాయి. అవీ మధ్యలో పెట్టాను. ఆమె శిలువ గుర్తు వేసుకుని, క్యారియర్ మూతలో నాకు వడ్డించింది. చారు వేడిగా ఉంది. ఆమె నా పచ్చడి కొంచెం వేలితో తీసుకుని అన్నం అంచున పెట్టుకుంది.

ఆ గదిలో అప్పడం విరిగిన చప్పుడు కూడా బయటికి పోదు. ఇద్దరం కలిసి తిన్నాం.