చప్పిడి మధ్యాహ్నాలు

పరుపుల షెడ్డులో దూది ఏకే ఆమెకు పిచ్చుక అని పేరు పెట్టింది దబ్బనం అక్కే. నీసు ముట్టదు, గింజలూ ఆకులూ తిని బతుకుతుందని ఎగతాళి. పరుపుల అంచులు కుట్టే అక్క చేతిలో దబ్బనం ఎంత పదునో నోరూ అంత పదును. ఆమె చేపల డబ్బా మూత తీస్తే చాలు, పిచ్చుక తన అన్నం పట్టుకుని కిటికీ దగ్గరికి పోయేది. ఏళ్ళ తరబడి ఒకరికొకరు వీపు పెట్టుకునే తిన్నారు.

ఒకరోజు మూత తీసిన చప్పుడైంది గానీ వాసన రాలేదు. కిటికీలోంచి పడే ఎండలో దూది నూగు నిదానంగా తేలుతోంది. పిచ్చుక వెనక్కి తిరిగింది. అక్క ముందు తెల్లటి అన్నం, ఉడకబెట్టిన కూరగాయ ముక్కలు.

"ఏంటక్కా, చేప లేదా?"

"బీపీ అంట. ఉప్పు ముట్టుకోవద్దన్నాడు డాక్టరు. ఉప్పు లేని చేప కూడా ఒక చేపేనా?"

ఆ వారమంతా అక్క నోరు పెగల్లేదు. కుట్టు వంకరపోయిందని మేస్త్రీ కసిరినా తల ఎత్తలేదు.

"ఉప్పూ కారం తినట్లేదా నువ్వు?" అన్నాడాయన.

"తినట్లేదు," అంది అక్క.

షెడ్డంతా గొల్లుమంది. అక్క మాత్రం నవ్వలేదు.

ఇన్నాళ్ళూ ముక్కు మూసుకున్న ఆ వాసనే లేక పిచ్చుకకు మధ్యాహ్నాలు బోసిగా తోచాయి. ఓ రోజు తనూ ఉప్పు వేయకుండా వండుకుని, డబ్బా తెచ్చి అక్క పక్కన కూర్చుంది.

"నీకేం రోగమే?"

"నీకు తోడుగా."

మొదటి ముద్ద గొంతు దిగలేదు. "గడ్డిలా ఉందక్కా."

"నువ్వు రోజూ తినేది గడ్డేగా," అంది అక్క. ఆ నోట్లోంచి అలాంటి మాట విని చాలా రోజులైంది.

నిమ్మకాయ పిండుకున్నారు, మిరియాలు చల్లుకున్నారు. కొన్నాళ్ళకి, అన్నం నిదానంగా నమిలితే అడుగున ఎక్కడో సన్నటి తీపి ఉందని తెలిసింది.

తిన్నాక ఇద్దరూ అంచులు కుట్టని పరుపు మీద ఒరిగేవారు. కళ్ళు సగం మూస్తే షెడ్డు మబ్బుల్లో తేలుతున్నట్టుండేది. అలా ఒక మధ్యాహ్నం పిచ్చుక జన్మలో అడగని మాట అడిగింది.

"అక్కా, చేప ఎలా ఉంటుంది?"

అక్క కళ్ళు మూసుకుంది. "ముందు ముల్లు తియ్యాలి. తొందరపడకూడదు. నోటికంటే ముందు వేళ్ళకి తెలుస్తుంది. పొరలు పొరలుగా విడిపోతుంది, ఇదిగో, ఈ దూదిలా. ఆ తర్వాత..."

పిచ్చుక ఎదురుచూసింది. అక్క అప్పటికే నిద్రలోకి జారుకుంది. పెదవులు మాత్రం ఏదో నములుతున్నట్టు మెల్లగా కదులుతున్నాయి. ఆమె జుట్టులో వాలిన నూగును ఒక్కొక్కటే తీస్తూ కూర్చుంది పిచ్చుక.