సగంలో ఆగిన దసరా పాట

మునివెంకటప్ప అయ్యవారు మెత్తని మనిషి. వడమాలపేటకు కూతవేటు దూరంలోని ఆ ఊరి బోర్డు బడిలో పదకొండేళ్లు పాఠాలు చెప్పి, నోట్లో వేలు పెట్టినా కొరకలేడని పేరు తెచ్చుకున్నాడు. అది మంచి పేరేనని చాలాకాలం నమ్మాడు కూడా.

ఏటా దసరాకు ఆయనే కొత్త పాట కట్టేవాడు. బడి పిల్లలు రంగుకాగితాలు చుట్టిన వెదురు విల్లులు పట్టుకుని ఇల్లిల్లూ తిరిగి ఆ పాట పాడాలి. ఇంటివాళ్లు పుట్నాలు, బెల్లం పెట్టాలి. గడప ముందు ఎత్తుకున్న పాటను మంగళంతో ముగించకపోతే ఆ ఇంటికి ఏడాదంతా అరిష్టమని ఊరి నమ్మకం.

స్వరాజ్యం వచ్చిన ఆ ఏడు సంబరంకొద్దీ పాట బారెడు పొడుగైంది. అది మొత్తం నోటికొచ్చింది ఒక్క వసంతకే. మాలవాడ పిల్ల, నాలుగో తరగతి. ఆమె ముందు పాడితే తక్కినవాళ్లు వెనక అందుకునేవాళ్లు. ఇలా పాడుతూ తిరిగే పిల్లల మేళం ఏనాడూ మాలవాడ తొక్కలేదు. "ఈసారి మీ ఇంటికీ వస్తాం" అని అయ్యవారు ఆ పిల్లకు మాటిచ్చాడు.

పండగ పొద్దున మొదటి ఇల్లు పెద్దకాపు చెంగల్రాయుడిది. రెండు నెలల కిందట బడిలో జెండా ఎగరేసి, ఇకమీదట మనమంతా ఒకటేనని అరగంట ఉపన్యాసం దంచిన పెద్దమనిషి. పిల్లలు రెండు చరణాలు పాడారో లేదో, అరుగు మీంచి ఆయన అయ్యవారిని పిలిచాడు.

"ఏమప్పా అయ్యోరా, మేళం మాలవాడకు పోతాదంట, నిజమేనా?"

"పిల్లకు మాటిచ్చినానండి."

"మాటలు శానా ఇస్తాం. అన్నీ సేస్తామా? ఆడికి పోయినావంటే బోర్డు ఆఫీసుకు అర్జీ పోతాది. ఇంక ఈ బళ్లో నీకు పనుండదు, సూసుకో."

ఇంట్లో భార్య, ముగ్గురు పిల్లలు. ఆ ఉద్యోగం తప్ప వేరే ఆధారం లేదు. అయ్యవారు తల వంచుకున్నాడు. వసంత అది చూసింది.

పాట ఆగిపోయింది.

"పాడవే" అన్నాడు చెంగల్రాయుడు.

"పాడను. మాయమ్మ ఇల్లలికి ముగ్గేసి, సాటలో పుట్నాలు పెట్టుకోని వాకిట్లో నిలబడుండాది. మా ఇంటికి రాని పాట నేనెందుకు పాడల్ల?"

లోపల్నుంచి పెద్దకాపు తల్లి అలివేలమ్మ లబోదిబోమంటూ వచ్చింది. "మంగళం పాడకుండా ఆపినారేందిరా! అయ్యోరా, పాట కట్టింది నువ్వే గదా. నువ్వన్నా ముగించు నాయనా!"

అందరూ అయ్యవారి వైపు తిరిగారు. మంగళం ఆయన నాలుక మీదే ఉంది. నాలుగు ముక్కలు పాడితే గొడవ సద్దుమణుగుతుంది, ఉద్యోగం నిలుస్తుంది. వసంత మాత్రం ఆయన వైపు చూడనే లేదు. ఈయన ఎలాగూ పాడతాడులే అన్నట్టు నేల చూస్తోంది. అక్కడే ఆయనకు కాలింది. పదకొండేళ్ల మంచితనానికి తొమ్మిదేళ్ల పిల్ల కట్టిన విలువ ఇదా! ముందు సిగ్గేసింది, ఆ వెనకే కోపం వచ్చింది.

"నేను పాడనమ్మా" అన్నాడు.

"ఏమన్నావ్?" చెంగల్రాయుడు అరుగు దిగాడు.

"పాట నాది. యాడ పాడాల్నో నేను సెప్తాను. ముందు వసంత వాళ్లింటి కాడ మొదట్నుంచీ పాడతాం. తిరిగొచ్చి ఈడ మంగళం పాడతాం. వద్దంటే ఈడ సగంతోనే ఉండనీ."

"అర్జీ రాయిస్తా!"

"రాయించండి. రాసే మనిషి దొరక్కుంటే కబురు పెట్టండి, నేనే వచ్చి రాసిస్తా."

అలివేలమ్మ కొడుకు చెయ్యి పట్టుకుంది. "పోనీరా, మళ్లా వస్తామంటా ఉండారు గదా!"

అయ్యవారు వసంతను ముందు నిలబెట్టి నడిచాడు. దారిలోనే తల్లులొచ్చి పదిమంది పిల్లల్ని రెక్క పట్టి లాక్కుపోయారు. మిగిలింది పద్నాలుగు మంది. ఆ పద్నాలుగు గొంతులే మాలవాడంతా వినబడేట్టు, ఒక్క చరణం వదలకుండా మంగళం దాకా పాడాయి.

వసంత తల్లి తాయమ్మ పిల్లల దోసిళ్లలో పుట్నాలు, బెల్లం పోసింది. అయ్యవారి దగ్గరికొచ్చేసరికి మాత్రం చాట నేల మీద పెట్టి, నాలుగడుగులు వెనక్కి జరిగింది.

"అట్ల కాదమ్మా" అని ఆయన దోసిలి పట్టాడు. "నా సేతిలో పెట్టు."

ఆమె పెట్టింది. వాడ మొదట్లో చెంగల్రాయుడి మనిషి నిలబడి చూస్తున్నాడు. అయ్యవారు అటు తిరిగి, వాడికి బాగా కనబడేట్టు, బెల్లంముక్క నోట్లో వేసుకుని నమిలాడు.